అటక మీద దొరికిన జీ.ఐ.జో బొమ్మలు: ముందు ఆ గమ్ము ట్యూబు పక్కన పెట్టండి

మీరు అడిగింది టూకీగా చెప్పాలంటే ఇదీ: ముమ్మిడివరం అవతల లంకలో మీ పాత ఇంట్లో అటక మీద రేకుపెట్టె దొరికింది. అందులో మీ చిన్నప్పటి జీ.ఐ.జో సైనికుల బొమ్మలు ఆరు, కార్టూన్ వీరుడు హీ-మ్యాన్ బొమ్మ ఒకటి ఉన్నాయి. 2022 జులై వరదలో పెట్టె నీళ్ళలో నానింది, తర్వాత ఎవరో దాన్ని తెరవకుండా అలాగే అటకెక్కించేశారు. ఇప్పుడు చూస్తే నలుగురికి నడుములు ఊడిపోయాయి, ఒకడికి బొటనవేలు లేదు, తెల్ల డ్రెస్సు వాడు పసుపుపచ్చగా అయిపోయాడు, స్క్రూలు తుప్పు పట్టాయి, హీ-మ్యాన్ కాళ్ళు వేలాడుతున్నాయి, పట్టుకుంటే చేతికి జిగురు. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా, ఏ గమ్ము మంచిది అని అడిగారు.

చేసుకోవచ్చండి, నిక్షేపంగా. గమ్ము సంగతి మాత్రం చివర్న మాట్లాడుకుందాం, ఎందుకంటే మీరు చెప్పిన ఏడు బొమ్మల్లో గమ్ము అవసరమైంది మహా అయితే ఒక్కదానికి. నాకు పాలకొల్లులో పాతికేళ్ళు టీవీ, రేడియో రిపేరు షాపు ఉండేది, ఈ బొమ్మల పిచ్చి మా మేనల్లుడి సామాన్లతో మొదలై పదిహేనేళ్ళుగా నడుస్తోంది. ఇన్నేళ్ళలో నా బల్ల మీదికొచ్చిన బొమ్మల్లో వయసుతో పాడైనవాటి కంటే ఎవరో ప్రేమగా బాగుచేయబోయి పాడుచేసినవే ఎక్కువ. ఆ లెక్కలో నేను పాడుచేసినవీ ఉన్నాయి, చెప్తాను.

ముందు మట్టి. వరద నీళ్ళు తీశాక మిగిలేది ఒండ్రు కదా, చూడ్డానికి పిండిలా మెత్తగా ఉంటుంది గానీ అందులో సన్నటి ఇసుక రేణువులు ఉంటాయి. పొడిగుడ్డతో తుడిచారంటే రంగు మీద సాలెగూడులా గీతలు పడతాయి, ఇక అవి పోవు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, బొమ్మల్ని ఒక గంట ఊరికే నానబెట్టండి. మట్టి తనంతట తను వదిలి అడుక్కి చేరుతుంది, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్తవి పొయ్యండి, అప్పుడు పిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో పైపైన రుద్దండి. స్టిక్కర్లు ఉన్న బొమ్మని మాత్రం నానబెట్టకండి, తడి దూదితో అద్దుకుంటూ పోవాలి. ఆరబెట్టడం ఫ్యాను కింద, నీడలో, ఒక రాత్రంతా. స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోలు, టిన్నరు, వీటిని ఇంటి ఛాయలకి రానివ్వకండి. నేను మొదట్లో ఒకడి ఛాతీ మీద పెన్ను గీత పోగొడదామని రిమూవర్ అద్దిన దూది పెట్టాను. గీతతో పాటు ఛాతీ మీద చెక్కిన తూటాల పట్టీ కూడా చక్కెర పాకంలా కరిగిపోయింది. ఆ రిమూవర్‌లో ఉండేది అసిటోన్ అనే ద్రావకం, బొమ్మ మొండెం ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్కు, ఆ రెండూ కలిస్తే అంతే సంగతులు.

అందుకే ఏది ఏ ప్లాస్టిక్కో తెలియకుండా ఏదీ పుయ్యకూడదు. గోరుతో నొక్కితే లొంగనిది, గట్టిది, తడితే టక్‌మని మోగేది ఎక్కువగా ఏబీఎస్. నొక్కితే కొంచెం దిగి మళ్ళీ పైకొచ్చేది పీవీసీ, హీ-మ్యాన్ తల, బెల్టు, కత్తులూ తుపాకులూ చాలావరకు ఈ రకం. పట్టుకుంటే మైనంలా జారుతూ ఏ గమ్మూ అంటనిది పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్. విరిగిన ముక్క ఏదైనా ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది: మామూలు నీళ్ళలో తేలితే ఈ మూడో రకం. మునిగితే, ఒక గ్లాసు నీళ్ళలో పెద్ద చెంచాతో రెండు చెంచాల ఉప్పు బాగా కరిగించి అందులో వెయ్యండి. తేలిందా, ఏబీఎస్ లాంటి గట్టి రకం. అప్పటికీ మునిగిందా, పీవీసీ. ముక్కకి గాలిబుడగలు అంటుకుంటే తప్పుడు సమాధానం వస్తుంది, వేలితో ముంచి వదలండి.

రంగుల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరు ఈపాటికే బ్రష్షు కొనేసి ఉంటారు. నెట్‌లో ఫోటోలు చూసి మీవాటి రంగులు వేరేగా ఉన్నాయి, వెలిసిపోయాయేమో, మళ్ళీ వేయాలా అన్నారు. వెలిసిపోలేదండి. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ ఈ మూడుముప్పావు అంగుళాల జీ.ఐ.జోల్ని 1982లో మొదలుపెట్టింది. మనకొచ్చినవి ఎంఆర్‌ఎఫ్ వాళ్ళ ఫన్‌స్కూల్ కంపెనీవి. ఆ కంపెనీని ఎంఆర్‌ఎఫ్ 1987లో హాస్‌బ్రోతో కలిసి పెట్టింది. హాస్‌బ్రో వాడేసిన అచ్చులే ఇక్కడికొచ్చాయి, కానీ రంగులు ఇక్కడివి ఇక్కడే. అమెరికాలో ఆకుపచ్చ ప్యాంటు వేసుకున్నవాడు మన దగ్గర వంకాయ రంగు ప్యాంటుతో రావచ్చు. ఆ తేడా కోసమే ఇవాళ బయటి దేశాల సేకర్తలు మన బొమ్మల్ని వెతుక్కుంటున్నారు. మీరు అమెరికా ఫోటో పక్కన పెట్టుకుని రంగు వేశారో, ఉన్న విలువ కాస్తా పోయి వాడు అటూ ఇటూ కాకుండా పోతాడు. వీపు మీద, కాలి వెనక అచ్చులో ఏం రాసుందో భూతద్దంతో చూసుకోండి, అక్కడుండే సంవత్సరం అచ్చు హక్కులది, మీ బొమ్మ తయారైన ఏడాది కాదు, అదొకటి చాలామంది పొరబడతారు.

ఇక నడుములు. మీకు నలుగురు రెండు ముక్కలై కనిపిస్తున్నారు గానీ నిజానికి వాళ్ళకి ఏమీ విరగలేదు. లోపల ఓ-రింగు అనే నల్ల రబ్బరు ఉంగరం ఒకటి ఉంటుంది, బొమ్మ మొత్తాన్ని అదొక్కటే పట్టుకుని ఉంటుంది. పైన మొండెంలో స్క్రూ దిగే గొట్టానికి ఒక చివర, కింద రెండు కాళ్ళనీ కలిపే టీ ఆకారపు ఇనప కొక్కేనికి ఇంకో చివర తగిలించి, మధ్యలో నడుము ముక్క గుండా సాగదీసి ఉంచుతారు. రబ్బరు సాగి ఉన్నప్పుడు గాలిలోని ఓజోన్, ఆక్సిజన్ దాన్ని తొందరగా తినేస్తాయి, పైగా రేకుపెట్టె వేడి. ముప్పయ్యేళ్ళు ఆగిందంటే గొప్పే. దీనికి గమ్ము పెట్టి మొండేన్నీ నడుమునీ అతికించేవాళ్ళని చూశాను, ఆ పని చేస్తే ఆ బొమ్మ ఇక కూర్చోదు, నిలబడదు, విప్పుదామంటే రాదు.

విప్పడం ఇలా. వీపు మీద ఒకే ఒక స్టార్ స్క్రూ ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన దాని గాడిలో సరిగ్గా కూర్చోవాలి, ఊగితే ఇంకో సైజు తెచ్చుకోండి. బలం తిప్పడంలో కాదు, నొక్కడంలో పెట్టండి. మూడొంతులు నొక్కుడు, ఒక వంతు తిప్పుడు. మీవి తుప్పు పట్టినవి కాబట్టి వెంటనే రావు. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, పుల్ల కొసతో స్క్రూ తల చుట్టూ పెట్టి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న కూడా కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద మూడు నాలుగు సెకన్లు ఆనించి తీసెయ్యండి. ఇనుము వ్యాకోచించి తుప్పు పట్టు వదులుతుంది, అంతకంటే ఎక్కువ సేపు పెడితే చుట్టూ ప్లాస్టిక్కు మెత్తబడి స్క్రూ ఊరికే తిరుగుతుంది. స్క్రూ తల అరిగిపోయి ఉంటే మధ్యలో వెడల్పు రబ్బరుబ్యాండు ముక్క పెట్టి నొక్కి తిప్పండి, చాలాసార్లు పట్టు దొరుకుతుంది.

వీపు డొప్ప తీసే ముందు ఫోన్‌తో ఒక ఫోటో. తీసిన తర్వాత, చేతులూ తలా కదలకముందే ఇంకో ఫోటో. ఏ చెయ్యి ఎటు అనేది ఆ క్షణంలో గుర్తుంటుందనిపిస్తుంది, కింద పడ్డాక ఉండదు. ఆరు బొమ్మలూ ఒకేసారి విప్పకండి, ఒకడు పూర్తయ్యాకే ఇంకొకడు. టీ కొక్కెం తుప్పు పట్టి ఉంటే తీసి వెనిగర్‌లో ఒక పూట నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాక సన్నగా నూనె పూసి తుడిచెయ్యండి. సన్నబడిపోయి ఉంటే దాన్ని నమ్మకండి, పనికిరాని బొమ్మ నుంచి ఇంకొకటి తీసుకోవడం మంచిది.

ఓ-రింగు ఎక్కడ దొరుకుతుందని ఆన్‌లైన్‌లో వెతికి నెలరోజులు ఆగక్కర్లేదు. మన డెల్టాలో రొయ్యల చెరువులు, వరి చేలు, ఎక్కడ చూసినా మోటార్లే. భీమవరంలో, అమలాపురంలో, తణుకులో బేరింగులూ ఆయిల్ సీళ్ళూ అమ్మే షాపుకి వెళ్ళి అడిగితే డబ్బాల నిండా ఉంటాయి. లోపలి వ్యాసం, మందం చెప్పి అడగాలి. మీ ఆరుగురిలో ఇద్దరి నడుములు ఇంకా నిలిచి ఉన్నాయన్నారు కదా, ఒకడిని విప్పి ఆ రింగే తీసుకెళ్ళి చూపించండి, ఎటూ దాన్ని కూడా మార్చాల్సిందే. అదే సైజు, దానికంటే ఒక మెట్టు చిన్నది, ఒక మెట్టు పెద్దది, మూడు రకాలూ తెచ్చుకోండి. మరీ బిగుతైతే నడుము ముక్క మధ్యలో చీలిపోతుంది, ఈ బొమ్మల్లో నూటికి ఎనభై పాళ్ళు పగిలేది అక్కడే అని నా అనుభవం. మరీ వదులైతే తాగినవాడిలా తూలుతాడు. వంచి వదిలితే వంచినచోటే ఆగాలి, స్ప్రింగులా వెనక్కి లేవకూడదు, అదీ గుర్తు. రింగుకి కొబ్బరినూనె, వాజలీను లాంటివి పుయ్యకండి, కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది.

కొత్త రింగుని కొక్కేనికి తగిలించి, నడుము ముక్క కన్నంలోంచి పైకి లాగడం దగ్గర అందరికీ ఓపిక నశిస్తుంది. నేను పట్టకారుతో అవస్థలు పడుతుంటే మా ఆవిడ చూసి నవ్వి, తన లేసు అల్లే సూది చేతికిచ్చింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆ కొక్కెం సూది లేని ఇల్లు ఉండదు కదండీ. కన్నంలోంచి సూది దింపి, రింగుని పట్టి, పైకి ఒక్క లాగు. పదిహేను నిమిషాల పని పది సెకన్లు అయ్యింది. అప్పటినుంచీ అది నా సామాన్ల డబ్బాలోనే ఉంది, ఆవిడ ఇంకోటి కొనుక్కుంది.

మళ్ళీ స్క్రూ బిగించేటప్పుడు ఒక కిటుకు. వెంటనే కుడివైపు తిప్పెయ్యకండి. ముందు ఎడమవైపు మెల్లగా తిప్పుతుంటే ఒకచోట టిక్‌మని చిన్నగా దిగినట్టు తెలుస్తుంది, అది పాత మరలోకి పడిందని అర్థం. అక్కణ్ణుంచి కుడివైపు. ఇలా చేయకపోతే ప్రతిసారీ ప్లాస్టిక్కులో కొత్త గాడి కోస్తుంది, నాలుగోసారికి గొట్టం పిండి అయిపోతుంది. కొత్త స్క్రూ వేస్తే స్టెయిన్‌లెస్ స్టీలుది, పాతదాని పొడవే ఉండాలి, రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనా ఛాతీలోంచి బయటికి పొడుచుకొస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మామూలు ఇనప స్క్రూ మళ్ళీ వేయడం అంటే మళ్ళీ ఇదే పని పెట్టుకోవడం.

బొటనవేలు. అసలు ఎందుకు విరిగిందంటే, లావు పిడి ఉన్న తుపాకీని గట్టి చేతిలోకి తోస్తే వేలు పక్కకి లేస్తుంది, ఏబీఎస్ వయసొచ్చాక సాగదు, టప్‌మంటుంది. మిగతా ఐదుగురి చేతుల్లో ఆయుధాలుంటే ఇప్పుడే తీసెయ్యండి, అదీ లాగకుండా, గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి మెత్తబడ్డాక. విరిగిన వేలికి మూడు దారులున్నాయి. అలా వదిలెయ్యడం ఒకటి, నేనైతే అదే చేస్తాను. పాడైన ఇంకో బొమ్మ చెయ్యి తెచ్చి మార్చడం రెండోది, విప్పడం ఎలాగూ నేర్చుకున్నారు కాబట్టి ఇది తేలిక, కానీ భుజం రంగు కలవాలి. మూడోది కొత్త వేలు చెయ్యడం. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి, వేలు ఉండాల్సిన చోట అంత సన్నటి కన్నం చేసి గుచ్చి, దాని చుట్టూ ఎంసీల్ లాంటి రెండు ముద్దలు కలిపే పుట్టీ నువ్వుగింజలో సగమంత పెట్టి, తడి సూదితో వేలు ఆకారం దిద్దాలి. కలిపిన అరగంటలోపే దిద్దుడు అయిపోవాలి, రాత్రంతా గట్టిపడనివ్వాలి, పొద్దున్న వాటర్ పేపర్‌తో తడుపుతూ రుద్దాలి. పొడిగా రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదటి రెండు వేళ్ళూ మిరపకాయల్లా వస్తాయి, ఫర్వాలేదు, పీకేసి మళ్ళీ చేసుకోవచ్చు. కన్నాలకి సన్నటి డ్రిల్లు బిట్లూ, చేత్తో తిప్పే చిన్న పిడీ బంగారప్పని సామాన్లు అమ్మే చోట దొరుకుతాయి, కరెంటు డ్రిల్లు దీని దరిదాపులకి తేవద్దు.

ఇప్పుడు గమ్ము. చిన్న ట్యూబుల్లో వచ్చే సూపర్ గ్లూ గాలిలోని తేమతోనే గడ్డకడుతుంది. మన దగ్గర తేమకి కొదవా? మూత తీస్తూండగానే పట్టేస్తుంది, దాని ఆవిరి పక్కనున్న నల్లరంగు మీద తెల్లటి బూజులా దిగుతుంది. ఇంకో దుర్గుణం, నీళ్ళలా పాకి కీళ్ళలోకి పోతుంది. మేనల్లుడి బొమ్మకి ముంజేయి చీలితే ఒక్కటంటే ఒక్క చుక్క వేశాను, మోచేయి జాయింటు శాశ్వతంగా బిగుసుకుపోయింది. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, ఇప్పటికీ ఆ సెల్యూట్ కొడుతున్న సైనికుణ్ణి చూపించి నన్ను ఏడిపిస్తాడు. బరువు పడే చోట, అంటే తొడ, భుజం లాంటివి విరిగితే గమ్ము ఒక్కదాన్నే నమ్మకండి. రెండు వైపులా ఒక మిల్లీమీటరు కన్నం చేసి, జెమ్ క్లిప్పు తీగ ముక్క మేకులా దింపి, అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీ పుల్లకొసతో పెట్టి, ఇరవైనాలుగు గంటలు కదపకుండా ఉంచండి. తొందరగా ఆరే రకం కంటే నెమ్మదిగా ఆరేదే గట్టిగా ఉంటుంది. పీవీసీ మెత్తగా వంగుతుంది కాబట్టి గట్టిపడే గమ్ములు దాని మీద కొన్నాళ్ళకి పెచ్చులా ఊడతాయి, అక్కడ తీగే దిక్కు.

హీ-మ్యాన్ దగ్గరికొద్దాం. దూరదర్శన్‌లో ఆ కార్టూన్ చూసి ఊళ్ళో పిల్లలందరం (నేనప్పటికే పిల్లాణ్ణి కాదు, అయినా చూసేవాణ్ణి) చీపురుపుల్ల పైకెత్తి అరిచిన రోజులవి. మన దేశంలో ఆ బొమ్మల్ని అమెరికా కంపెనీ మ్యాటెల్ లైసెన్సుతో లియో అనే కంపెనీవాళ్ళు తయారుచేశారు. వాడి కాళ్ళు వేలాడ్డానికి కారణం కూడా రబ్బరే, రెండు తొడల్నీ కటి లోపల కలిపే రబ్బరు తెగిపోతుంది. ఈ మొండెం అతుకు వేసింది, స్క్రూ ఉండదు, దాన్ని చీల్చే ప్రయత్నం చేయకండి, లోపల నడుము తిప్పితే వెనక్కి తిరిగే స్ప్రింగు ఒకటుంది, అది ఎగిరిపోతే ఇంటిల్లిపాదీ మంచం కింద వెతకాలి. కాళ్ళ కన్నాల్లోంచే పని జరగాలి. ఒక కాలి కొక్కేనికి బలమైన రబ్బరు, చిన్న ఓ-రింగు గానీ ఆడపిల్లల జడకి పెట్టే సన్న రబ్బరు గానీ తగిలించి, మళ్ళీ ఆ లేసు సూదితోనే కటి గుండా అవతలికి లాగి, రెండో కాలికి తగిలించాలి. ఇద్దరుంటే మంచిది, ఒకరు లాగి పట్టుకుంటే ఇంకొకరు తగిలిస్తారు. తల తీయాల్సి వస్తే వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచితే మెత్తబడి బయటికొస్తుంది, చల్లారి గట్టిపడేలోపే మళ్ళీ పెట్టెయ్యండి. వంగిపోయిన కత్తులు కూడా అంతే, వేడినీళ్ళలో ముంచి, నిటారుగా చేసి, పట్టుకునే ఐస్ నీళ్ళలో దింపితే అలాగే నిలుస్తాయి. మరుగుతున్న నీళ్ళు కాదు, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు.

జిగురు గురించి. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి చెమర్చుతుంది, అది మురికి కాదు, బొమ్మ లోపలిదే. లిక్విడ్ సబ్బుతో కడిగితే పోతుంది, కొన్ని నెలలకి మళ్ళీ రావచ్చు, మళ్ళీ కడగండి, అంతకుమించి చేసేది లేదు. టాల్కం పౌడరు రాస్తే కనపడదంతే. ముఖ్యంగా జిప్ కవర్లలో పెట్టి గాలాడకుండా మూసెయ్యకండి, మెత్తటి భాగం గట్టి బొమ్మకి ఆనుకుని ఉండకుండా చూడండి, ఆ నూనె గట్టి ప్లాస్టిక్కుని కూడా కరిగించి గుంట పెడుతుంది. మీ పెట్టెలో కలరా ఉండలు ఉన్నాయా? బట్టలతో పాటు పెట్టిన పెట్టె అయితే ఉండే ఉంటాయి. ఒకడి వీపు కరిగినట్టుందన్నారు, నా అనుమానం వాటి మీదే. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడిపోతాయి. చీరలకి మంచిదేమో గానీ బొమ్మలకి విషం. అలా పడిన గుంట వెనక్కి రాదు, పుట్టీతో నింపి రుద్దుకోవడమే.

తెల్లవాడి పసుపు. దీనికి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ, ఈ రెండూ కలిపి వాడతారు. మందుల షాపులో 6 శాతంది అడగండి. బొమ్మని పూర్తిగా విప్పి, ఇనుమూ స్టిక్కర్లూ రంగువేసిన భాగాలూ పక్కన పెట్టి, తెల్లటి ముక్కల్ని మాత్రమే గాజుసీసాలో మునిగేలా పోసి ఎండలో పెట్టాలి. మూత బిగించకండి, ఆక్సిజన్ పుట్టి సీసా పేలుతుంది. చేతులకి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. గంటకోసారి ముక్కల్ని తిప్పండి, మూడు నుంచి ఆరు గంటలు చూడండి, ఇంకొంచెం తెల్లబడితే బావుండు అనిపించినప్పుడే ఆపెయ్యండి, దాటితే సున్నంలా పేలవంగా అయిపోతుంది. రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో సన్నటి ముక్కలు వంకర్లు పోతాయి, మాఘమాసపు ఎండ చాలు. చెరువుల మందుల షాపులో తెలిసినవాళ్ళుంటే గాఢమైన పెరాక్సైడ్ తేలిగ్గా దొరుకుతుంది, ఆ పని మాత్రం చేయకండి, చర్మం తెల్లగా కాలిపోతుంది. చెరువుల్లో వేసే ఆక్సిజన్ బిళ్ళల్లో ఎక్కువగా ఉండేది సోడియం పెర్కార్బొనేటు, నీళ్ళలో అది కూడా పెరాక్సైడే వదులుతుంది, కొందరు దాంతో ప్రయత్నిస్తారు, నాకు ఒక్కసారి కూడా మచ్చల్లేకుండా రాలేదు. ఎంత బాగా చేసినా కొన్నేళ్ళకి పసుపు తిరిగొస్తుంది. లేత పసుపైతే నేను ముట్టుకోను.

రంగు వేయక తప్పదనుకుంటే ఊడిన చోట మాత్రమే, యాక్రిలిక్ రంగు, నీళ్ళతో పలుచన చేసి రెండు మూడు పూతలు. ఇంటి తలుపులకి వేసే ఎనామిల్ పీవీసీ మీద వేస్తే ఎప్పటికీ ఆరదు, రెండేళ్ళ తర్వాత ముట్టుకున్నా వేలిముద్ర పడుతుంది. స్ప్రే డబ్బాలు వర్షాకాలంలో వాడకండి, గాలిలో తేమ పూతలో చిక్కుకుని పొగమంచులా తెల్లబారుతుంది. సంక్రాంతి వెళ్ళాక, పొద్దున్న పది దాటాక వేసుకోండి.

అయ్యాక మళ్ళీ ఆ రేకుపెట్టెలో పెట్టి అటకెక్కించకండి. ఎండ పడని అద్దాల బీరువా, మూలన సిలికా జెల్ పొట్లాలు నాలుగు, వానాకాలంలో నెలకోసారి మార్చడం, అంతే. బొమ్మల్ని నిలబెట్టి ఉంచండి, కూర్చోబెడితే రింగు ఎప్పుడూ అదనంగా సాగుతూ ఉంటుంది. మీ పాపకి ఆడుకోవడానికి ఇస్తానన్నారు, ఎంత వయసో రాయలేదు. ఏదైనా నోట్లో పెట్టుకునే వయసైతే వద్దండి, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పాత మెత్తటి ప్లాస్టిక్కులో కలిపినవి కూడా మంచివి కావు. పాపకి కొత్తవి కొనండి.

మొదట నడుము ఊడిన నలుగురిలో మీకు అంతగా ఇష్టంలేని వాణ్ణి పట్టుకోండి, చెయ్యి వాడి మీద తిరగనివ్వండి. స్క్రూ రెండో రోజుకీ కదలకపోతే బలవంతం చేయకుండా ఆపి, పగటి వెలుతురులో వీపు ఫోటో దగ్గరగా తీసి పెట్టండి. హీ-మ్యాన్ కాలి పై కొక్కెం ఫోటో కూడా పెట్టండి, అది విరిగి ఉంటే రబ్బరు తగిలించడానికి వేరే ఉపాయం చెప్పాలి.